నీలం సీసా
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



"మరపురాని వస్తువు" అనే అంశం మీద పది నిముషాలు మాట్లాడమని కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు ఒకరు వీణ గురించి చెప్పారు, ఒకరు తాతగారి పడక్కుర్చీ గురించి చెప్పారు. నేను ఒక సెంటు సీసా గురించి చెప్పబోతున్నాను. నవ్వకండి. సెంటంటే మనవాళ్లకు కాస్త చులకన. మా చిన్నతనంలో కుర్రవాడెవడైనా సెంటు పూసుకుని వీధిలోకి వస్తే, "ఏమోయ్, పెళ్లిచూపులకా?" అని అరుగు మీది పెద్దలు నిలబెట్టి అడిగేవారు.

అంతమాత్రాన మనం సువాసనలు ఎరగని వాళ్లం కాము. ఇంటికి పెళ్లివారు వస్తే గంధం పూసి పన్నీరు చల్లుతాం. మల్లె, సంపెంగ, మొగలి, మరువం, దవనం లేకుండా మన ఆడపిల్లల జడ ఉండదు. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయిన తరువాత స్వామివారికి పునుగు తైలం అలదుతారు. చార్మినారు చుట్టుపక్కల అత్తరు దుకాణాల ముందు నడిచినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. అయితే ఈ పూలూ, ఈ గంధమూ మన ఇళ్లలో అందరికీ అందలేదు. నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే.

ఆ సెంటు పేరు ఈవినింగ్ ఇన్ పారిస్. ఫ్రెంచిలో స్వార్ ద పారీ. బూర్జ్వా అనే ఫ్రెంచి కంపెనీ 1928లో దాన్ని బజారులోకి తెచ్చింది. కూర్చినవాడు ఎర్నెస్ట్ బో. మాస్కోలో పుట్టిన మనిషి. 1921లో జగత్ప్రసిద్ధమైన షనెల్ నంబరు 5ను తయారుచేసింది కూడా ఆయనే. ఒకే చేతి నుంచి వచ్చినా ఆ రెండు సెంట్ల జాతకాలూ వేరు. షనెల్ కలవారి ఇళ్లకు పోయింది. ఈవినింగ్ ఇన్ పారిస్ ముదురు నీలం సీసాలో, వెండిరంగు చీటీతో, మామూలు మందుల షాపుల్లోనూ చిల్లర దుకాణాల్లోనూ దొరికేది. అమెరికాలో పిల్లలు డబ్బులు కూడబెట్టుకుని మదర్స్ డేకి అమ్మకు కొనిపెట్టగలిగిన సెంటు అది. మన దేశంలోనూ అది ఎంత చెలామణీ అయిందంటే, 1967లో శక్తి సామంత తీసిన ఆన్ ఈవినింగ్ ఇన్ పారిస్ అనే హిందీ సినిమా వచ్చినప్పుడు మా రాజమండ్రిలో కూడా ఆ పేరు ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

మా ఇంట్లో ఆ సీసా మా మేనత్తది. ఆవిడ భర్త మద్రాసులో రైల్వే ఉద్యోగి. కాపురానికి వెళ్లిన కొత్తలో మౌంట్ రోడ్డులో కొనిపెట్టారట. 1944లో ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. దానికి సరైన మందు ఇంకా రాని రోజులు. ఇరవై ఏళ్ల వయస్సులో అత్తయ్య ఒక ట్రంకుపెట్టెతో పుట్టింటికి తిరిగి వచ్చింది. మా నాన్నగారు పట్టుబట్టి ఆవిడ జుట్టు తీయించనివ్వలేదు. అంతకంటే ఆయనకూ సాగలేదు. బొట్టు పోయింది, పసుపు పోయింది, పూలు పోయాయి, గంధం పోయింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు మాది. అరవై మూడేళ్లు గడిచినా ఆ ఊరి ఇళ్లలో మా ఇల్లు అట్లా ఉండేది.

ఆ ట్రంకుపెట్టెలో బట్టల అడుగున నీలం సీసా ఉండేది. నాకు ఊహ తెలిసేసరికి అందులో ఒక బొట్టు కూడా లేదు. అంచుల్లో గోధుమరంగు మరక మాత్రం మిగిలింది. అయినా రాత్రి ఇల్లు సద్దుమణిగిన తరువాత ఎప్పుడైనా ఒకనాడు అత్తయ్య ఆ బిరడా తీసేది. పక్కగదిలో పడుకున్న మాకు తెలిసేది. మల్లె కాదు, సంపెంగ కాదు. కాస్త తీపి, కాస్త పొడి, ఏదో తెలియని పువ్వు. అది వయొలెట్ అనే పువ్వు అనీ, ఆ తీపి వెనిలాది అనీ నాకు చాలా ఏళ్ల తరువాత పుస్తకాల్లో చదివితే తెలిసింది. ఒకసారి మా తమ్ముడు, "బామ్మా, ఏమిటే ఈ వాసన?" అని అడిగాడు. మడీ ఆచారమూ తు.చ. తప్పకుండా పాటించే మా బామ్మ చీకట్లోంచే, "కర్పూరం రా, పడుకో" అంది. ఆవిడ ముక్కుకు కర్పూరానికీ సెంటుకూ తేడా తెలియదని మీరు అనుకోకండి.

పూల గురించి శాస్త్రం చెప్పినవాళ్లున్నారు, గంధం గురించి చెప్పినవాళ్లున్నారు. పారిస్ నుంచి వచ్చిన సీసా గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ సందులో మా అత్తయ్య బ్రతికింది.

1971లో నేను ఈ దేశానికి బయలుదేరుతుంటే ఇంట్లో తలా ఒక కోరిక చెప్పారు. ఒకరికి గడియారం కావాలి, ఒకరికి టేప్ రికార్డరు కావాలి. ఎన్నడూ ఎవరినీ ఏమీ అడిగి ఎరగని అత్తయ్య రైలు కదిలే ముందు కిటికీ దగ్గరకు వచ్చి, "ఒరే నాన్నా, అక్కడ ఆ నీలం సీసా దొరుకుతుందేమో చూడు. దొరక్కపోతే పరవాలేదు" అంది.

దొరకలేదు. 1969లోనే దాని తయారీ ఆపేశారు. మందుల షాపులో అడిగితే కౌంటరు దగ్గరి ముసలావిడ, "అయ్యో, మా అమ్మ అదే వాడేది" అంది. ఆఫీసులో అడిగితే మరొకావిడ అదే మాట అంది. ఎక్కడో రాజమండ్రిలో ఒక విధవరాలి పెట్టెలో దాగిన వాసన ఇక్కడి వాళ్ల తల్లుల వాసన కూడానని నాకు అప్పుడు తెలిసింది. పాతసామాన్ల సంతలో ఖాళీ నీలం సీసాలు మాత్రం కనిపించేవి. ఒకటి కొని మూత తీస్తే పుల్లటి వాసన కొట్టింది. సెంటుకు గాలీ వెలుతురూ పగవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ పైన ఉండే సున్నితమైన వాసనలు ముందు విరిగిపోతాయి. సంగతంతా ఏరోగ్రాంలో రాస్తే, "శ్రమ పడకు" అని జవాబు వచ్చింది.

వాసనకు ఉన్న చిక్కు ఇదే. పాటను రికార్డు చేసుకుంటాం, ముఖాన్ని ఫొటో తీసుకుంటాం. వాసనను అట్లా పట్టి ఉంచే యంత్రం మన ఇళ్లలో లేదు. మళ్లీ ఎవరైనా ఆ దినుసులతో ఆ పాళ్లలో కూరిస్తేనే అది ఉంటుంది. ఫ్రాన్సులో వెర్సాయిలో 1990లో ఓస్మోతెక్ అనే సంస్థను స్థాపించారు. అక్కడ, ఇప్పుడు తయారుకాని సెంట్లను కూడా పాత సూత్రాల ప్రకారం కూర్చి, చీకట్లో, 12 డిగ్రీల చల్లదనంలో, ఆర్గాన్ వాయువు కింద భద్రపరుస్తారు. మనం తాళపత్రాలను కాపాడుకున్నట్లు వాళ్లు వాసనలను కాపాడుకుంటున్నారు. ముక్కు వాసనలను ఎట్లా గుర్తుపడుతుందో కనిపెట్టినందుకు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమతి ఇచ్చారు. చూపు, వినికిడి మెదడులో ఒక మజిలీ దాటి లోపలికి పోతాయి. వాసన ఆ మజిలీలో ఆగకుండానే భావాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాలకు చేరుతుంది. అందుకే వాసన తగలగానే మాటకంటే ముందు కళ్లు చెమరుస్తాయి.

1992లో కంపెనీవారు అదే పేరుతో, నీలం సీసాలోనే, ఆ సెంటును మళ్లీ తెచ్చారు. లోపలి కూర్పు మాత్రం కొత్తది. పాతకాలపు సెంట్లను ఉన్నవున్నట్లు తిరిగి తయారు చేయడం అంత తేలిక కాదు. వెనుక విరివిగా వాడిన కొన్ని కృత్రిమ కస్తూరులు ఒంటికి మంచివి కావని తేలి వాటిని మానేశారు. 1993లో మా మేనకోడలి పెళ్లికి వెళుతూ దారిలో పారిస్‌లో దిగి ఒక సీసా కొన్నాను.

అత్తయ్యకు అప్పటికి డెబ్బైకి దగ్గర. సీసా చేతికిస్తే చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. బిరడా తీసి వాసన చూసింది. నేను ఆవిడ ముఖం వంకే చూస్తున్నాను.

"ఇది అది కాదురా" అంది.

ఇరవై రెండేళ్ల తరువాత తెచ్చింది ఇదా అని నా ప్రాణం ఉసూరుమంది. ఆవిడే మళ్లీ అంది: "కాకపోతే ఏం, బాగానే ఉంది. అది ఎన్నడూ వాసన చూడటానికే అయింది గాని పూసుకోవడానికి కాలేదు. దీన్ని పూసుకుంటాను."

పూసుకుంది. మణికట్టు మీద ఒకచుక్క, చెవి వెనుక ఒకచుక్క. అంతవరకు ప్రతి పెళ్లిలోనూ వెనక గదిలో కూరలు తరుగుతూ ఉండిపోయిన మనిషి ఆ రోజు పందిట్లోకి వచ్చి ముందు వరుసలో కూర్చుంది. మా అమ్మ గంధం గిన్నె పట్టుకుని అందరికీ పూస్తూ ఆవిడ దగ్గరకు వచ్చింది. బామ్మ అప్పటికి లేదు. అమ్మ ఒక్క క్షణం ఆగి, "చెయ్యి ఇలా ఇవ్వు" అంది. అత్తయ్య చెయ్యి చాపింది. పందిట్లో ఒకరిద్దరు ముఖాలు తిప్పుకున్నారు. ముహూర్తం మాత్రం తప్పలేదు, వానా రాలేదు. ఆ పిల్ల ఇవాళ ఇద్దరు బిడ్డల తల్లి.

అత్తయ్య 2003లో పోయింది. పాత సీసా నా దగ్గర ఉంది. ఇప్పుడు అందులో ఏ వాసనా లేదు.

మనం ఇక్కడ కలుసుకున్నప్పుడల్లా పాత రోజులు తలచుకుంటాం. తలచుకోవాలి కూడా. ఆ పాత వాసన మళ్లీ ఒక్కసారి తగిలితే బాగుండునని ఈ వయస్సులోనూ నాకు అనిపిస్తుంది. ఆ వాసనను చీకట్లో దాచుకోవలసి వచ్చిన రోజులు మాత్రం తిరిగి రావద్దు. మన సంస్కృతిని సముద్రాలు దాటించి తెచ్చుకునేటప్పుడు ఈ రెంటినీ వేరుచేసి తెచ్చుకోవాలని నా మనవి.

చివరిగా ఒక్క మాట, ఇది ముఖద్వారం దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడిన మన అమ్మాయిలకు. మీరు ఎంతో ముచ్చటగా అందరికీ గంధం, పన్నీరు, పూలు ఇస్తున్నారు. స్వదేశం నుంచి పిల్లల దగ్గరకు వచ్చి ఉంటున్న అమ్మమ్మలు, నాయనమ్మలు కొందరు పళ్లెం చూడగానే తమంతట తామే పక్కకు తప్పుకుంటారు. వాళ్ల నుదురు వంక చూడకండి, కారణం అడగకండి. రెండడుగులు ముందుకు వేసి, "చెయ్యి ఇవ్వండి అమ్మమ్మగారూ" అనండి. వద్దంటే నమస్కారం పెట్టండి. చెయ్యి చాపితే మాత్రం గంధం కాస్త ఎక్కువే పూయండి.