పాత కారు: బ్యాటరీ ఎందుకు దిగిపోతోంది?



ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, యానాంలోనో ఏ ఇంటి వసారాలోనో అది ఇంకా కనబడుతూనే ఉంటుంది. తాతగారు కొన్నదని అమ్మరు. పెళ్ళిళ్ళకూ పండగలకూ బయటికి తీస్తారు. తీసే రోజునే అది మొరాయిస్తుంది. సెల్ఫ్ కొడితే 'టిక్'మని ఊరుకుంటుంది. ఇంటిల్లిపాదీ వచ్చి తోయాలి.

షాపుకు వెళితే "బ్యాటరీ పోయిందండీ" అంటారు. మీరు వేల రూపాయలు పోసి కొత్తది వేయిస్తారు. నెల తిరక్కుండా మళ్ళీ అదే పాట. ఇంటి తొట్టిలో నీళ్ళు లేకపోతే తొట్టిని మారుస్తామా? మోటారు నీళ్ళు పోస్తోందా, తొట్టికి చిల్లు పడిందా అని చూస్తాం. ఇక్కడ మోటారు అంటే డైనమో. కొంతమంది దాన్ని తీసేసి ఆల్టర్నేటర్ వేయించుకున్నారు. మీ కారులో ఏది ఉందో ముందు తెలుసుకోండి. రెండింటి స్వభావం ఒకటి కాదు.

కొద్ది వందల రూపాయలకు మల్టీమీటరు దొరుకుతుంది. అదొకటి కొనుక్కోండి. రాత్రంతా ఆపి ఉంచిన కారులో, పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందు, బ్యాటరీ రెండు కొనల మధ్యా కొలవండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గర ఉంటే సగం. 12కు దిగితే అడుగంటినట్టే. ఇప్పుడు ఇంజను స్టార్టు చేసి, యాక్సిలరేటరు కొంచెం తొక్కి పట్టించి మళ్ళీ చూడండి. ముల్లు 13.5 దాటి 14 వైపు నడవాలి. కదలకపోతే ఛార్జింగు లేదు. 15 దాటి ఇంకా ఎక్కుతూ పోతే రెగ్యులేటరు అదుపు తప్పింది. అప్పుడు బ్యాటరీలో నీళ్ళు ఊరికే ఇంకిపోతాయి, బల్బులు మాటిమాటికీ మాడిపోతాయి.

డైనమో ఉన్న కారు స్లోలో నిలబడి ఉండగా కొలిచి, ఛార్జింగు లేదని కంగారు పడకండి. తక్కువ వేగంలో డైనమో పెద్దగా ఇవ్వదు. ఎర్ర లైటు మిణుకుమిణుకుమనడం కూడా అప్పుడు మామూలే. వేగం పెంచాక కూడా ఆరకపోతేనే ఆలోచించాలి. ఇగ్నిషన్ వేసినప్పుడు ఆ లైటు అసలు వెలగకపోయినా అనుమానమే: బల్బు పోయి ఉండవచ్చు, డైనమోలో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండవచ్చు. డైనమో కారులో బల్బు మాడినా ఛార్జింగు ఆగదు. ఆల్టర్నేటరుకు మాత్రం మొదటి కరెంటు చాలా బళ్ళలో ఆ బల్బు ద్వారానే అందుతుంది. రూపాయల్లో పోయే బల్బు కోసం ఆల్టర్నేటరు విప్పించిన వాళ్ళున్నారు!

ఇంజను ఆపి, ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కండి. అరంగుళం లోపలికి పోతే సరి. అంతకన్నా వదులైతే జారుతుంది, మరీ బిగిస్తే డైనమో బేరింగు తినేస్తుంది.

బెల్టు బాగున్నా ఛార్జింగు లేదంటే, తప్పు డైనమోదా, కటౌట్ బాక్సుదా తేల్చాలి. డైనమో వెనుక రెండు కొనలుంటాయి. పెద్దది 'డి', చిన్నది 'ఎఫ్'. రెండు వైర్లూ తీసి పక్కన పెట్టండి. ఆ రెండు కొనలనూ చిన్న వైరు ముక్కతో కలపండి. మీటరు ఒక కొన ఆ కలిపిన చోట, రెండోది ఇంజను బాడీకి. ఇంజను స్టార్టు చేసి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా వేగం పెంచండి. వోల్టేజి తడబడకుండా పైకి రావాలి. 20 వోల్టులు దాటనివ్వకండి, ఇంజనును రేసు చేయకండి. ఇలా పైకి వస్తే డైనమో మంచిదే; తప్పు వైర్లలోనో, కటౌట్ బాక్సులోనో ఉంది. అసలేమీ రాకపోతే బ్రష్‌లు చూడండి. అర వోల్టు, ఒక వోల్టు దగ్గర ఆగిపోతే ఫీల్డు కాయిలు మీద అనుమానం. నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచరు. పంచె, కండువా, చీర చెంగు ఫ్యాన్ దరిదాపులకు రాకుండా చూసుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

చాలాకాలం మూలపడిన కారులో డైనమోకు ఉండవలసిన కాస్త అయస్కాంత గుణమూ పోతుంది. 'ఎఫ్' వైరు తీసి, ఎర్త్ కాని బ్యాటరీ కొన నుంచి ఒక వైరు తెచ్చి ఆ 'ఎఫ్' కొనకు క్షణకాలం తాకిస్తే మళ్ళీ వస్తుంది. నిప్పురవ్వ డైనమో దగ్గరే రావాలి, బ్యాటరీ దగ్గర రాకూడదు. కొన్ని పాత కార్లలో పాజిటివే బాడీకి కలిపి ఉంటుంది, కాబట్టి ముందు అది చూసుకోండి.

ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది. దాన్నీ బాడీనీ కలిపే ఎర్త్ పట్టీ తుప్పు పడితే అన్నీ బాగున్నట్టే ఉండి ఏదీ పనిచేయదు. ఈ ఒక్క పట్టీ విప్పి గీకి బిగిస్తే తీరిపోయే రోగాలు ఎన్నో!

కొందరి విషయంలో ఏ భాగానికీ దోషం ఉండదు, లెక్కే తప్పుతుంది. పాత డైనమో బాగా తిరిగినప్పుడు ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లు. 45 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిసి ఏడున్నర తీసుకుంటాయి. వెలుగు చాలడం లేదని 100 వాట్ల బల్బులు వేయిస్తే అవే 16 దాటుతాయి. ఇగ్నిషన్ కాయిలు మూడు నాలుగు, పైన వైపరు, టెయిల్ లైట్లు, పాటల పెట్టె. సాలూరు నుంచి కోరాపుట్ వెళ్ళే ఘాట్‌లో వాన రాత్రి, లారీల వెనుక ఆగి ఆగి ఎక్కుతున్నప్పుడు డైనమో ఆ సగం కూడా ఇవ్వదు. లైట్లు ఎర్రబడుతూ వస్తాయి. మలుపు కనబడదు. అలాంటి దారుల్లో తిరిగేవారు పాత బల్బులే వేసుకోండి, లేదా ఆల్టర్నేటరుకు మారండి.

మారిన వారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు లాగి, బండి ఆగుతుందా లేదా అని చూడటం రోడ్డు పక్కన ఇప్పటికీ కనిపించే పరీక్ష. ఆల్టర్నేటరు ఉన్న బండిలో దాన్ని చేయనివ్వకండి. ఆ ఒక్క క్షణంలో వోల్టేజి ఎగిసి లోపలి డయోడ్లు పోతాయి.

ఛార్జింగు అంతా సవ్యంగా ఉండి కూడా తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంటే చిల్లు వెతకాలి. అన్ని స్విచ్చులూ ఆపి, తలుపులు మూసి, బ్యాటరీ ఎర్త్ వైరు విప్పండి. ఆ వైరుకూ బ్యాటరీ కొనకూ మధ్య చిన్న టెస్ట్ లాంపు పెట్టండి. గడియారం లేని కారులో అది వెలగకూడదు. వెలిగితే ఒక్కో ఫ్యూజూ, ఒక్కో వైరూ తీసి చూడండి. ఏది తీసినప్పుడు ఆరుతుందో దోషం అక్కడే. బ్రేకు లైటు స్విచ్చు మొదట చూడండి. కటౌట్ పాయింట్లు అతుక్కుపోయి, ఆగి ఉన్న డైనమోలోకే కరెంటు వెనక్కి పారుతూ ఉండవచ్చు. అప్పుడు వైర్లు కాలుతాయి, పొగ కూడా రావచ్చు. వెంటనే బ్యాటరీ వైరు విప్పేసి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా తిరిగి తగిలించకండి.

సెలవు.