చిన్న పరిశ్రమకు పరిశోధనా నిధి: ఫలమును తూచుట యెట్లు?



మన బడంగ్‌పేటకు చేరువనున్న ఇమారత్ పరిశోధన కేంద్రమును నడుపు రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థయే, చిన్న పరిశ్రమలకును అంకుర సంస్థలకును తోడ్పడుటకై సాంకేతికాభివృద్ధి నిధిని నిర్వహించుచున్నది; ఒక్కొక్క ప్రయత్నమునకు 10 కోట్ల రూపాయలుగా నున్న పరిమితి 2022లో 50 కోట్లకు పెరిగినది.

ఇట్టి నిధి సఫలమైనదని నిర్ణయించుట యెట్లు? పంచిన ధనమును లెక్కించుట సులభము. కాని సాయము పొందినవాడు వర్ధిల్లినంత మాత్రమున ఆ ఘనత సాయమునదే యనరాదు, ఏలయన సమర్థుడు సాయము లేకయు పైకి రాగలడు. 1982లో ఇట్టి పథకమునకే చట్టము చేసిన అమెరికాలో, ఇంధన శాఖ దరఖాస్తుదారులలో స్వల్పభేదముతో గెలిచినవారిని, అట్లే ఓడినవారిని సరిపోల్చి, తొలివిడత సాయము వెంచర్ పెట్టుబడి లభించు అవకాశమును దాదాపు రెట్టింపు చేసినదని ఆర్థికవేత్త సబ్రీనా హోవెల్ 2017లో నిరూపించెను.

మన నిధిని పరీక్షించువారును తిరస్కృతుల తదుపరి గతిని నమోదు చేయవలెను. సిద్ధమైన పరికరమును సేనలు కొన్నవో లేదో విచారింపవలెను. విఫలయత్నములను దాచక ప్రకటింపవలెను. పరిశోధనలో కొన్ని ఓటములు అనివార్యములు గనుక, ఒక్కటియు ఓడని నిధి సాహసమునకు వెనుదీసినదేమో యని శంకింపవలసియుండును.