తోతాపురి ధర గోదాములో తేలుతుంది

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలోనూ, 2004లో దాని నుంచి విడిపోయిన కృష్ణగిరిలోనూ తోతాపురి మామిడి మీద బతికే రైతులు ఎందరో ఉన్నారు. ఈ కాయ ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. నిరుటి గుజ్జు డ్రమ్ములు గోదాముల్లో పేరుకుపోతే, ఈ ఏడు కాపు ఎంత బాగున్నా కొనేవాళ్లు వెనకాడతారు.

2025లో చిత్తూరులో అదే జరిగింది. ధర పడిపోయింది. జూన్‌లో జిల్లా యంత్రాంగం పక్క రాష్ట్రాల తోతాపురిని రానివ్వలేదు. ఆంధ్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ఖరారు చేసి, అందులో 4 రూపాయలు తానే భరిస్తానంది. సరిహద్దుకు ఇవతలున్న మనకు మాత్రం చిత్తూరుకు కాయ పంపే దారి మూసుకుపోయింది.

ఇలాంటి దెబ్బను ముందే పసిగట్టాలి. సంస్థలు బయటి మార్పులను ఎలా కనిపెడతాయో వివరిస్తూ 1967లోనే హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రాన్సిస్ అగిలార్ పుస్తకం రాశారు. అది పెద్ద కంపెనీల వ్యవహారమని వదిలేయకండి. గోదాముల్లో నిల్వ ఎంతుంది, ఎగుమతి ఆర్డర్లు వస్తున్నాయా, చిత్తూరులో పూత ఎలా ఉంది అని మన రైతు సంఘాలు మార్చిలోనే వాకబు చేయాలి. గుజ్జుకు గిరాకీ లేదని అప్పుడే తెలిస్తే, కొంత పచ్చికాయకైనా ఊరగాయ తయారీదారులతో ముందే బేరం మాట్లాడుకోవచ్చు.