ఆగితే చాలు

కంటివైద్యం, ఆప్టోమెట్రీ పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, ఇది ఉక్కు పోసే విశాఖ. ఇక్కడ నిలబడి, అర మిల్లీమీటరు మందం మాత్రమే ఉండే కార్నియాను గట్టిపరిచే ఒక చికిత్స గురించి మాట్లాడతాను. దాని పేరు క్రాస్‌లింకింగ్. అది పోయిన చూపును తిరిగి ఇచ్చే చికిత్స కాదు, పోబోయేదాన్ని ఆపే చికిత్స. అందుకే దాని విలువంతా ఎంత ముందుగా చేశామన్న దానిలోనే ఉందని నా వాదన.

కెరటోకోనస్ సాధారణంగా టీనేజీలో మొదలవుతుంది. కార్నియా పలుచబడి శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది, సిలిండర్ పవర్ మాటిమాటికీ మారుతుంది. దాన్ని ఆపడానికి జర్మనీలోని డ్రెస్డెన్ వైద్యులు 2003లో ప్రచురించిన పద్ధతి నుంచి వచ్చిన ప్రామాణిక క్రాస్‌లింకింగ్ విధానం ఇది: పైపొర తీసేసి, అరగంట పాటు కొద్ది నిమిషాలకోసారి రైబోఫ్లేవిన్ చుక్కలు వేస్తారు. పాలలో ఉండే బీ2 విటమినే అది. కార్నియా పసుపుపచ్చగా మారాక, మరో అరగంట 370 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పడనిస్తారు. అప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త ముడులు వేస్తుంది. సుమారు 300 మైక్రాన్ల లోతు దాకా కణాలు చనిపోయి, నెలల తరబడి మళ్లీ నిండుతాయి. మొదటి నెలలో చూపు మునుపటికన్నా మసకబారుతుంది. ఈ సంగతి రోగికి ముందే చెప్పకపోతే, చికిత్సే కన్ను చెడగొట్టిందనుకుంటాడు. అలా అనుకోవడంలో అతని తప్పేమీ లేదు.

ఇంత నొప్పి పడితే ఒకటి రెండు డయాప్టర్ల వంపు తగ్గుతుంది, అంతేనా అని అడుగుతారు. సరైన ప్రశ్నే. బ్రిటన్‌లో 10 నుంచి 16 ఏళ్ల పిల్లలపై జరిగి 2021లో వెలువడిన కెరాలింక్ పరీక్షలో, పద్దెనిమిది నెలలకు చికిత్స పొందినవారిలో 7 శాతం మందికి, పొందనివారిలో 43 శాతం మందికి జబ్బు ముదిరింది. అంటే చికిత్స లేకుండానే సగానికి పైగా పిల్లలకు జబ్బు ఆగిందిగా అంటారు. నిజమే. కానీ ఎవరికి ఆగుతుందో ముందుగా తెలియదు, పోయిన ఆకారం తిరిగి రాదు. ఇరవై ఏళ్లకే కార్నియా మార్పిడి చేయించుకుంటే ఆ దానపు పొర జీవితాంతం నిలవాలి, శరీరం దాన్ని తిరస్కరించే భయం వెన్నాడుతుంది. అయితే ముప్పై దాటి, కొలతలు ఏళ్లుగా కదలని కంటికి ఈ అభ్యంతరం వర్తిస్తుంది. అక్కడ చేయి ఆపండి. ఇన్‌ఫెక్షన్, మచ్చ అనే ప్రమాదాలు చిన్నవే అయినా ఉన్నాయి. 400 మైక్రాన్ల కన్నా పలుచని కార్నియాలో లోపొరకూ ముప్పే.

పోర్టు బొగ్గు, ఖనిజాల ధూళి గురించి విశాఖ పాతనగరవాసులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఆ ధూళే ఈ జబ్బు తెస్తుందని నేననను. కానీ అలర్జీ దురదతో కళ్లు నులుముకునే అలవాటుకూ కెరటోకోనస్‌కూ సంబంధం ఉందని పరిశోధనలు పదేపదే చూపాయి. కనుక నులుముకోవద్దన్న మాట చీటీ మీద రాసివ్వండి. ఇక యంత్రాలు లేవన్న సాకు నేనొప్పుకోను. హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. దానికన్నా ముందు మీ చేతిలో రెటినోస్కోపు ఉంది. గాజువాకలోనో భీమిలిలోనో మీ చీకటిగదిలో ఒక కుర్రాడి కంటిపాపలో ఎర్రని మెరుపు కత్తెర రెక్కల్లా విడిపోయి కలుస్తుంటే, అద్దాలు మార్చి పంపేయకండి. ఆ వారంలోనే టోపోగ్రఫీకి పంపండి. చికిత్స అయ్యాక కూడా అద్దాలు తప్పవని ఆ కుర్రాడి తల్లికి అప్పుడే చెప్పండి.