కందెన గొట్టం, చక్రం కింద రాయి

 

పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది చేతుల మీదుగా వెళ్లిన వస్తువొకటి నా జేబులో ఉంది. పసుపుపచ్చ ప్లాస్టిక్ డబ్బాలోని చిన్న గేర్ మోటారు. 3 నుంచి 6 వోల్టుల మీద నడుస్తుంది. దీన్ని తిప్పడం అందరూ నేర్పుతారు. పదికాలాలపాటు తిరిగేలా చూసుకోవడం, అనుకున్నచోట ఆపడం నేర్పేవారు తక్కువ. ఈ రోజు నేను చెప్పదలచుకున్నవి ఆ రెండే.

మా తాతగారు ఎడ్లబండి తోలేవారు. బండి కింద కందెన గొట్టం వేలాడుతుండేది. అందులో ఆముదంలో మసి కలిపిన కందెన. ఇరుసుకు అది రాయనిదే ఆయన ఎడ్లను కట్టేవారు కాదు. అది చూస్తూ పెరిగిన నేను, ఇంజనీరింగ్ రెండో ఏట గీత వెంట నడిచే రోబో చేశాను. గేర్లు కీచుమంటున్నాయని, పోటీకి ముందు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను. చప్పుడు పోయింది. తెల్లారేసరికి అంతకంతయి తిరిగొచ్చింది. పోటీ మధ్యలో మోటారు ఆగిపోయింది.

విప్పి చూస్తే తెలిసింది. ఆ స్ప్రేలో ఎక్కువ భాగం ద్రావకమే. గేర్ల పళ్లకున్న గ్రీజును కడిగేసి తాను ఆవిరైపోయింది. లోపలికి దిగిన కాస్తా కమ్యుటేటర్ మీద బ్రష్‌ల పొడితో కలిసి నల్లటి ముద్దయింది. ప్లాస్టిక్ పళ్లకు కావలసింది అగ్గిపుల్ల కొసకు అంటేంత సిలికాన్ గ్రీజు. షాఫ్టు తిరిగే బుష్ దగ్గర పల్చటి మెషీన్ ఆయిల్ ఒక్క చుక్క. కమ్యుటేటర్ జోలికి మాత్రం పోకూడదు. ఎక్కడ వేయాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎక్కడ వేయకూడదో తెలియడం అంతే ముఖ్యం.

ఇక ఆపడం. ఈ మోటారులో గేర్ల నిష్పత్తి 1:48. చక్రం ఒక్క చుట్టు తిరిగితే లోపలి రోటారు 48 చుట్లు తిరుగుతుంది. 65 మిల్లీమీటర్ల చక్రమున్న బండి, కరెంటు తీసేశాక పది సెంటీమీటర్లు జారిందంటే, మీరు ఆగమన్న తరవాత కూడా రోటారు దాదాపు 24 చుట్లు తిరిగిందన్నమాట.

ఈ రాత్రి గదికి వెళ్లాక ఒక పని చేయండి. మోటారు తీగలు రెండూ విడిగా ఉంచి చక్రాన్ని చేత్తో తిప్పండి. తరవాత ఆ తీగలను ఒకదానికొకటి తాకించి తిప్పండి. చక్రం మొరాయిస్తుంది. తిరిగే మోటారు జనరేటరు కూడా. తీగలు కలిపితే అది పుట్టించిన కరెంటే దానికి ఎదురు తిరుగుతుంది. 1834లో లెంజ్ చెప్పిన సూత్రం మీ వేళ్లకు తెలుస్తుంది. మోటారును నడిపే ఎల్293డి చిప్‌లో ఎనేబుల్ హైలో ఉంచి, రెండు ఇన్‌పుట్‌లనూ ఒకే స్థితిలో పెడితే జరిగేది ఇదే. ఆ పని చేయకుండా ఒక్కసారిగా రివర్సు ఇస్తే, ఆగి ఉన్న మోటారు లాగే కరెంటుకు రెట్టింపు దాకా లాగుతుంది. గేర్ల పళ్లు విరగవచ్చు.

అయితే ఈ బ్రేకు బలమంతా వేగంలోనే ఉంది. వేగం తగ్గేకొద్దీ అదీ తగ్గి, బండి ఆగేసరికి ఏమీ మిగలదు. వాలు మీద మెల్లగా జారిపోతుంది. మా తాతగారు మిట్ట మీద బండి ఆపితే, ఎడ్లు ఎంత మంచివైనా సరే, చక్రం కింద రాయి పెట్టేవారు. ఆపడం వేరు, ఆగినదాన్ని పట్టి ఉంచడం వేరు.

మోటారు వీల్‌చెయిర్లలో ఆ రాయి ఉంది. కరెంటు ఉన్నంతసేపూ విద్యుదయస్కాంతం బ్రేకును పడకుండా పట్టి ఉంచుతుంది. కరెంటు పోయిన క్షణాన స్ప్రింగు దాన్ని వేసేస్తుంది. బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా, అందులో కూర్చున్న మనిషి ర్యాంపు మీద నుంచి జారిపోడు. ఎవరో ఒక ఇంజనీరు ఆ క్షణాన్ని ముందే ఊహించాడు.

రేపటి నుంచి మీరు చేసే యంత్రాల మీద మనుషులు కూర్చుంటారు, వాటి పక్కన నిలబడతారు. అవి కదిలిన రోజు చప్పట్లు కొడతారు. మీరు మాత్రం గీసిన ప్రతి డ్రాయింగు ముందూ కాసేపు ఆగి, రెండు ప్రశ్నలు వేసుకోండి. దీనికి కందెన ఎక్కడ? చక్రం కింద రాయి ఎక్కడ? రెంటికీ జవాబు దొరికాకే సంతకం పెట్టండి.