ఆంగ్ల పదాదిని అచ్చు, హల్లు
(గ్రంథాలయ సభలో చేయబడిన ప్రసంగము)



ఆంగ్లభాషలో ‘ఒక’ అను నర్థమున నామవాచకమునకు ముందు ‘ఎ’ యనియు ‘ఏన్’ అనియు రెండు రూపములు వాడుదురు. అచ్చుకు ముందు ‘ఏన్’, హల్లుకు ముందు ‘ఎ’ అని బడిపిల్లలు వల్లింతురు. వల్లించినవారే పరీక్షలో తప్పుచున్నారు. ఏలయన, వారు అచ్చును కంటితో వెదకుచున్నారు. అది చెవితో వినవలసినది.

గంట యను నర్థముగల ‘అవర్’ను హకారముతో వ్రాయుదురేగాని హకారమును పలుకరు. కావున ‘ఏన్ అవర్’. ‘యూనివర్సిటీ’ని అచ్చుతో వ్రాసినను యకారముతో పలుకుదురు, కావున ‘ఎ యూనివర్సిటీ’. గొడుగునకును మొదట ఆ యక్షరమే యున్నను పలుకుట ‘అంబ్రెల్లా’ గనుక దానికి ‘ఏన్’ వలయును. పట్టములకును ఇదే న్యాయము: ‘ఎ బి.ఏ.’, ‘ఏన్ ఎం.ఏ.’. మకారము హల్లే యైనను ఆంగ్లమున ఆ యక్షరము పేరు ఎకారముతో మొదలగును.

ఇచ్చట తెలుగువానికొక చిక్కు కలదు. పదాది ఎకారమునకు యకారమును, ఒకారమునకు వకారమును చేర్చి పలుకుట మన నోటి వాడుక. ఎవరు ‘యెవరు’, ఒకటి ‘వొకటి’ యగుచున్నవి. ఆ నోటితోనే బాలుడు గ్రుడ్డును ‘యెగ్గు’ అనును. వినబడిన యకారమును నమ్మి ముందు ‘ఎ’ వ్రాయును. వాడు సూత్రము తప్పలేదు, ఉచ్చారణ తప్పెను. దండించుటకు మారుగా ఉపాధ్యాయుడు ఆ యకారమును తీయించి ‘ఎగ్’ అని నాలుగుమారులు పలికించిన చాలును. ‘యాపిల్’ అని మనము వ్రాయుటయు నిట్టి మోసమే. ఆంగ్లేయుని నోట అచ్చట యకారము లేదు.

అయినను మన వ్యాకరణము చదివినవారికి ఈ విషయము బొత్తిగా క్రొత్తది కాదు. ద్రుతనకారమును స్మరింపుడు. ‘వచ్చెను’ అనుదానిపై ‘అతడు’ చేరగా ‘వచ్చెనతడు’. ‘రాముడు’ చేరగా నకారము జారి ‘వచ్చె రాముడు’ అగుటయు కలదు. మనకీ జారుట వైకల్పికము, వారికి నిత్యము. పూర్వాంగ్లమున ‘ఒకటి’ యను సంఖ్యావాచకమే ‘ఏన్’గా మారి, హల్లు పరమైనచోట నకారమును కోల్పోయెను. అనగా ‘ఏన్’ మొదటిది, ‘ఎ’ తరువాతిది. అచ్చుకు ముందు నకారము క్రొత్తగా చేరుననుట తలక్రిందు మాట.

ఆ నకారము ఎవరి సొత్తో తెలియక ఆంగ్లేయులే తడబడిరి. వంటవారు కట్టుకొను ‘ఏప్రన్’ పూర్వము ‘నేప్రన్’. ‘ఎ నేప్రన్’ అనునది ‘ఏన్ ఏప్రన్’ అని విరిగెను. బల్లిని బోలిన ‘న్యూట్’ అను నీటిప్రాణికి, అందుకు విరుద్ధముగా, లేని నకారము వచ్చి అంటుకొనెను.

‘ఆరెంజ్’ కథయు నిట్టిదే. సంస్కృతమందలి ‘నారంగము’ పారసీక, అరబ్బు భాషల మీదుగా ఐరోపా చేరి, ఇటలీ, ఫ్రాన్సు దేశముల వారి నోళ్ళలోనే మొదటి నకారమును పోగొట్టుకొని, పిమ్మట ఇంగ్లండునకు వచ్చెను. మన నారింజకు మాత్రము ఆ నకారము నేటికిని నిలిచియున్నది.