కొండవీటి కోట, రెడ్డిరాజుల కథ

గుంటూరు నుంచి చిలకలూరిపేట దారిలో పత్తి, మిరప చేల వెనక కనిపించేవి కొండవీటి కొండలు. పైకి ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది. ఓపికుంటే మెట్లదారినే ఎక్కండి, బురుజుల బలం నడిచేవారికే తెలుస్తుంది.

కాకతీయ రాజ్యం 1323లో కూలాక ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రాజ్యం నిలబెట్టాడు. భారతం పూర్తిచేసిన ఎర్రన ఆయన ఆస్థానకవి. కొడుకు అనపోతారెడ్డి రాజధానిని ఈ కొండకు మార్చాడు. ఈయన 1358లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం నాకెంతో ఇష్టం. సముద్ర వర్తకులకు సుంకాలు తగ్గిస్తాననీ, వాళ్ల సొమ్ముకు రక్షణ ఇస్తాననీ రాజు రాతి మీద మాటిచ్చాడు. తర్వాత కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు దూరదేశాల కర్పూరం, కస్తూరి తెప్పించింది వర్తకుడు అవచి తిప్పయసెట్టి. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి. ఒక్క వంశం నీడలో ఇంత సాహిత్యమా!

కొండపైన ముత్యాలమ్మ, పుట్టలమ్మ, వెదుళ్ల చెరువులు తప్పక చూడండి. వాన నీటిని పట్టి కోటను బతికించినవి అవే. రెడ్డిరాజుల తర్వాత ఒడిశా గజపతుల చేతికి వెళ్లిన ఈ కోటను 1515లో గెలవడానికి కృష్ణదేవరాయలంతటివాడే ముట్టడి వేయవలసి వచ్చింది. మండు వేసవిలో మాత్రం వెళ్లకండి. వానలు తగ్గాక, చెరువులు నిండుగా ఉన్నప్పుడు పిల్లలతో బయలుదేరండి.